బాన్సువాడ రికార్డింగులో నీరడి కేక

బాన్సువాడ ఎందుకెళ్లావని ఇంటికొచ్చాక అందరూ అడిగారు. చుట్టాలున్నారా, మొక్కుందా, స్థలమేమైనా కొంటున్నావా అని. ఒక పాటలో ఎవరో కేక వేస్తే అది ఎప్పటిదో తేల్చడానికి వెళ్లానంటే మా ఆయన తప్ప ఎవరూ నమ్మలేదు. ఆయనైనా నమ్మాడో, ఎందుకొచ్చిన గొడవని తలూపాడో నాకు అనుమానమే.

కాకినాడలో నాకొక చిన్న రికార్డింగు గది ఉంది. భజనలు, చర్చి పాటలు, ఎన్నికలప్పుడు ఆటోల్లో తిరిగే ప్రచారాలు, ఏవొస్తే అవి చేస్తాను. మనసు పెట్టి చేసేవి మాత్రం సామ్యూల్ పాటలు. అతనిది కోటగిరి. ట్రాక్టర్ మెకానిక్. గిటార్ తీగల్ని అందరిలా వేళ్లతో నొక్కడు. చిటికెన వేలికి నట్లు విప్పే సాకెట్ పానా తొడిగి తీగ మీద జారుస్తాడు. దాన్నే స్లైడ్ గిటార్ అంటారు. స్వరం మెట్లెక్కినట్టు పోదు, కాలవలో నీళ్లలా జారిపోతుంది. వాయించేది బ్లూస్ రాక్. అమెరికా పొలాల్లో కూలీల కేకల్లోంచి పుట్టిన పాటకి డ్రమ్స్ హోరు తోడైతే అది.

పోయిన నవంబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం బాన్సువాడ ఫంక్షన్ హాల్లో అతను ప్రోగ్రాం పెట్టుకున్నాడు. అక్కడే ఒక్కో మైకు విడివిడిగా, ఎనిమిది ట్రాకుల్లో రికార్డు చేసి నాకు పంపాడు. నేను కలిపి, సరిచేసి ఇచ్చాను. అందులో ఒక పాట నెట్లో పెట్టాడు. పదకొండు నిమిషాల పాట. ఏడో నిమిషంలో గిటార్ ఒక జారుడు జారి ఆగిపోతుంది. డ్రమ్స్ కూడా ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో హాలు వెనకనుంచి ఒక మగ గొంతు "ఓ... హోయ్... నీళ్లూ..." అని సరిగ్గా ఆ గిటార్ జారుడులాగే జారుతుంది. తర్వాత గిటార్ మెల్లిగా అందుకుంటుంది. విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. లైవ్ అంటే ఇదీ అని మురిసిపోయాను కూడా.

పాట బయటికొచ్చిన పది రోజులకి బీర్కూర్ నుంచి సాయవ్వ అనే ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, గా పాటల కేకేసినోడు మా ఆయన."

భర్త పేరు గంగారాం. ఊరికి నీరడి. అంటే కాలవ నీళ్లు ఎవరి పొలానికి ఎప్పుడు తిప్పాలో చూసే మనిషి. వంతు వచ్చిన రైతుకి గట్టు మీదనుంచి కేక వేసి చెప్పేవాడు. ఏడేళ్ల కిందట వానల్లో తూము చూసొస్తానని వెళ్లి తిరిగి రాలేదు. మంజీర పొంగి ఉంది. శవం దొరకలేదు. దెగ్లూరు సంతలో చూశామని ఒకరు, నాందేడ్ స్టేషన్లో చూశామని ఇంకొకరు చెబుతూ వచ్చారు. ఇప్పుడు ఇంటి పెద్దలు ఇక చాలనుకున్నారు. అమావాస్య నాడు మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి, దానికే అంత్యక్రియలు చేస్తారు. పదో రోజున ఆమె గాజులు తీస్తారు.

"గది మొన్నటిదైతే ఆయన బతికున్నట్టే గదక్కా. నిజం జెప్పు, మొన్నటిదేనా?"

"మొన్నటిదేనండి. హాల్లో ఆ రోజు రికార్డయిందే" అన్నాను.

అంత ధీమాగా ఎందుకన్నానో మీకు చెప్పాలి. ఆ రోజు హాలుకి వచ్చింది అరవై మంది. చప్పట్లు పోపులో ఆవాలు చిటపటలాడినట్టున్నాయి. అలాంటప్పుడు మా పనివాళ్లందరం చేసేదే నేనూ చేశాను. పాత ప్రోగ్రాముల జనం సందడి కొంత తెచ్చి కింద పరిచాను. అందరం చేస్తాం, ఒక్కరం ఒప్పుకోం. ఒప్పుకుంటే లైవ్ అన్న మాటకి విలువ పోతుంది. పరిచింది పాటల చివర్లోనేగా, మధ్యలో కాదుగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. విప్పి చూసుకోలేదు. చూడ్డానికి భయమేసింది, అదీ అసలు సంగతి. పెద్ద మెషీన్లో తన చెవులతో వినాలని ఆమె అడిగితే లాప్‌టాప్, హార్డ్ డిస్కు, హెడ్‌ఫోన్లు సర్దుకుని బయల్దేరాను. ఆ అనుమానం దారంతా నా పక్కసీట్లోనే కూర్చుని వచ్చింది.

బస్టాండులో జామకాయలు

బాన్సువాడలో దిగేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండులో ఒక చెవిన తెలుగు, ఒక చెవిన ఉర్దూ, మధ్యలో మరాఠీ. టీ పది రూపాయలు. మా వైపు పదికి ఇంతకంటే పెద్ద గ్లాసు ఇస్తారు గానీ ఇంత చిక్కగా ఇవ్వరు. రెండు తాగాను.

సాయవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. "సాయవ్వగారూ" అని పిలిస్తే నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.

"గారు గీరు ఏందక్కా, నాకెవ్వలో వేరేటామెను పిలిచినట్టు కొడ్తున్నది."

బెంచీ మీద కూర్చోగానే ఫోన్ తీసి ఆ ఏడో నిమిషం పెట్టింది. పక్కన బుట్టలో జామకాయలమ్మే ముసలామె ఉంది. కాయలు తూస్తున్న చెయ్యి ఆపి మా వైపు తిరిగింది.

"గంగారామా? ఎప్పుడొచ్చిండే?"

"రాలేదవ్వా. రికార్డుల ఉన్నడు."

ముసలామె కళ్లు చిట్లించి ఫోన్ కేసి చూసి, అది చిన్నదిగా ఉందనో ఏమో బెంచీ వెనక్కి కూడా తొంగి చూసింది. తర్వాత నా చేతిలో రెండు కాయలు పెట్టి డబ్బులు వద్దంది. సాయవ్వ నా మొహంలోకి చూస్తోంది, విన్నావుగా సాక్ష్యం అన్నట్టు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

కోటగిరి షెడ్డు

మర్నాడు పొద్దున షేర్ ఆటోలో కోటగిరి వెళ్లాం. సీటు మీద ఎవరో బెల్లం ముద్ద వదిలేసి పోయారు. నేను దాని మీద కూర్చున్నాను. దిగేటప్పుడు నాతో సీటు రెగ్జిన్ కూడా లేస్తుంటే డ్రైవర్ "మేడం, బండి ఈడనే ఉంచి పోండి" అని బతిమాలాడు. ఆ రోజంతా నా చీరకి చీమలు పట్టాయి.

సామ్యూల్ ట్రాక్టర్ కింద నుంచి వచ్చాడు. పదేళ్లుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నా మనిషిని చూడటం అదే మొదలు. గొంతుకి తగ్గ మనిషి కాదు, చాలా పొట్టి. భోజనానికి వాళ్లావిడ జొన్నరొట్టె, పల్లీ చట్నీ, పచ్చిపులుసు పెట్టింది. మా ఇళ్లలో పులుసు గంట మరగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి, పొయ్యి మొహం చూపించకుండానే వడ్డిస్తారు. మూడు రొట్టెలు తిన్నాక మా అమ్మ చేతి పులుసుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

తిన్నాక సామ్యూల్ చెప్పాడు. చిన్నప్పుడు బీర్కూర్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండేవాడు. గంగారాం కేకకే నిద్ర లేచేవాడు. గిటార్ చేతికొచ్చాక ఎంత వెతికినా ఆ జారుడు వేళ్లకి దొరకలేదు. షెడ్డులో పానా వేలికి తొడిగి చూస్తే దొరికింది.

"మొదటి ప్రోగ్రాంల గది వాయిస్తే వెనక వరసల నిలబడి గంగారామన్న జవాబిచ్చిండు మేడం. జనమంతా ఒకటే నవ్వుడు. గప్పటి సంది ప్రతి ప్రోగ్రాంల ఆడ ఆగుత. ఆయన కేకేస్తడు, నేను అందుకుంట. ఇప్పుడు లేడు. అయినా ఆగుత."

"మొన్న నవంబరులో జవాబు వినపడిందా?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"లేదు మేడం. ఇనవడితే నేను మల్ల వాయిస్తుంటినా? గిటార్ ఆడనే పడేసి ఉరుకుతుంటి." గుడ్డ పక్కన పడేసి, "గని రికార్డుల ఉన్నది గద. నా చెవులది ఏముంది, పక్కనే డ్రమ్ములుండె" అన్నాడు.

తన చెవుల కంటే నా పని మీద అతనికి నమ్మకం ఎక్కువ.

బీర్కూర్ కాలవ గట్టు

సాయంత్రానికి బీర్కూర్ చేరాం. సాయవ్వ ఇంటి అరుగు మీద తడి గోనెపట్టా కింద మోదుగాకులు కుప్పగా ఉన్నాయి. దాని పక్కనే గంగారాం అన్న పోశెట్టి కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, ఆగని దగ్గు. కథల్లో కర్కోటకుడైన బావగారుంటాడే, అలాంటివాడు కాదు. తమ్ముడి పేరెత్తగానే ఆకుల మీది గోనెపట్టా సర్దాడు.

"ఏడేండ్లాయెనమ్మా. వాని ఆత్మ ఆకలికో దూపకో తిరుగుతుండొచ్చు. ఎన్నొద్దులని తిప్పుదుము?"

"బతికున్నోన్ని కాలుస్తవా బావా?" అంది సాయవ్వ. గట్టిగా అనలేదు. రోజూ అడిగే ప్రశ్నలా అంది.

అందరూ వినాలని సామ్యూల్ తన స్పీకర్ తెచ్చి కాలవ గట్టు మీద పెట్టాడు. యాసంగి నాట్లు పడుతున్నాయి. మడుల్లో ఆడవాళ్లు వంగి నాటుతున్నారు. ఇప్పుడు ఊళ్లో నీరడి లేడు, నీటి వంతులు ఫోన్లకి మెసేజీలుగా వస్తాయి. గిటార్ మొదలైతే వాళ్లెవరూ తలెత్తలేదు. ఏడో నిమిషంలో గిటార్ ఆగింది. కేక వచ్చింది.

మడుల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి నడుము ఎత్తారు. నారు కట్టలు చేతుల్లో అలాగే ఉన్నాయి, వేళ్ల సందుల్లోంచి బురదనీళ్లు కారుతున్నాయి. దూరంగా గట్టు మీద ఒక ముసలాయన లేచి, పార భుజానేసుకుని, గబగబా తన పొలం మడవ దగ్గరికి పోయి మట్టి తీసి నీళ్లు వదిలాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి, ఇంతమంది ఎందుకు చేరారని సైగ చేసి అడిగాడు.

"మడవ ఎందుకు తీసినవే?" అని చేతులు తిప్పి సైగ చేశాడు పోశెట్టి.

"వంతొచ్చిందని గంగారాం పిలిచె గద" అన్నాడాయన.

ఆయనకి నాలుగేళ్లుగా చెవులు వినపడవట. స్పీకరు చప్పుడు కూడా వినపడదన్నారు. మరి అదెలా విన్నాడు? పొద్దింకా వాలకముందే, అంత వెలుతురులోనే, నాకు వెన్ను చల్లబడింది.

పోశెట్టి కాలవలో నీళ్ల వైపు తిరిగాడు.

"ఆపుతనమ్మా. గా దినం హాల్ల నేనూ ఉంటి, నాకైతే ఇనవడలే, గని రికార్డు కంటె నా ముసలి చెవులు ఎక్కువనా? బతికున్నోని బొమ్మ కాలిస్తె నాకు పుట్టగతులుండయ్. నువ్వు ఒక్క మాట జెప్పు, గది మొన్నటిదేనని. ఆకులు గీ కాలవల పారేస్త."

అందరూ నా వైపు తిరిగారు.

"రేపు హాల్లో పెద్ద మెషీన్లో విని చెబుతాను" అన్నాను. పిరికిదాన్ని.

లాడ్జి గది

లాడ్జి కిరాయి రోజుకి ఆరువందలు. గదిలో ఫ్యానుకి ఒకటే వేగం, గాలివానంత. వెళ్లగానే తలుపు వేసి లాప్‌టాప్ తెరిచాను. హాల్లో జనం వైపు పెట్టిన మైకు ట్రాకు ఒక్కటే విన్నాను. కుర్చీలు జరపడం, పసిపిల్ల ఏడుపు, ఎవరిదో దగ్గు. ఏడో నిమిషంలో గిటార్ ఆగింది.

ఏమీ లేదు. నాలుగు సెకన్లు ఫ్యాన్ల గాలి, అంతే.

మిగతా ట్రాకులూ విన్నాను. ఎక్కడా లేదు. అప్పుడు నేను పరిచిన జనం సందడి తెరిచాను. పాటల చివర్లో మాత్రమే అనుకున్నది, ఆ ఒక్క పాట కింద మాత్రం మొదటినుంచి చివరిదాకా సన్నగా పరిచి ఉంది. ఫైలు పేరు "జనం నాలుగు". ఎక్కడిదో గుర్తు లేదు. మొదటినుంచి పెట్టి వింటే ఒక కుర్ర గొంతు, "బాన్సువాడా, ఇనవడుతుందా?" అంది. సామ్యూల్ గొంతే. అప్పుడు గుర్తొచ్చింది, పదేళ్ల కిందట ఆ హాల్లోనే చేసిన ప్రోగ్రాంలో జనం వైపు మైకు రికార్డు పంపితే చప్పట్ల కోసం దాచుకున్నాను. కేక అందులో ఉంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే సంగతి. ఆ ఫైలు నలభై నిమిషాలు. నేను వినకుండా, చూడకుండా పాట మొదటికి లాగి వదిలేశాను. ఆ నలభై నిమిషాల్లో ఒక్క కేక, ఈ పాటలో నాలుగు సెకన్ల ఖాళీలో, ముందూ వెనకా కాకుండా పడింది. కావాలని కూర్చుని సర్దినా నాకు అంత చక్కగా కుదరదు. ఫ్యాను ఆపి మళ్లీ విన్నాను. నా వెనక ఎవరో తన వంతు కోసం నిలబడ్డట్టే అనిపించింది. లేచి తలుపు బార్లా తీసి పెట్టాను. వరండాలో పెళ్లివారి పిల్లలు ఆడుకుంటున్నారు, ఆ గోల నాకు ధైర్యంగా ఉంది.

అబద్ధం చెబితే ఏమవుతుందని ఆలోచించాను. ఆలోచించలేదని చెప్పను. గాజులు నిలుస్తాయి, పోశెట్టి ఆకులు కాలవలో పారేస్తాడు, సామ్యూల్ పాట దేశమంతా తిరుగుతుంది, నా పేరూ దాంతో తిరుగుతుంది. ఆమె మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు దెగ్లూరు సంతలో మొహాలు వెతుకుతుంది. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఫంక్షన్ హాలు

మర్నాడు పొద్దున హాలు ఖాళీగా ఉంది. పాత వంటల నూనె వాసన. సాయవ్వ ఒక్కతే వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. చప్పట్లు పరిచే మా అలవాటు, నా గొప్ప, ఫోన్లో ఆడిన మాట, పదేళ్ల నాటి ఫైలు.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మొన్నటిది ఇనిపియ్యి" అంది.

హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వంచి వింది. మధ్యలో వేలెత్తి, "గిది పోశెట్టి బావ దగ్గు" అంది. ఇంకాసేపటికి, "గీ పోరి మా చెల్లె మనవరాలు." ఆ రోజు ఉచితంగా భోజనం కూడా పెట్టారని వచ్చినవాళ్లలో సగం బీర్కూర్ వాళ్లేనట. తను మాత్రం రాలేదు. ఆ ఖాళీ చెవితో వినలేనని.

గిటార్ ఆగింది. నాలుగు సెకన్లు. సాయవ్వ గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకుంది. గిటార్ మళ్లీ అందుకున్నాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంతమంది ఒక్కపారే ఊకున్నరు జూసినవా? దగ్గు గూడ ఆపుకుండు బావ. అందరు ఆయన కోసమే ఆగిండ్రు."

నేను తలూపాను.

"ఆయన ఈ దేశంల ఏడున్నా గా దినం ఈడికొస్తుండె. వచ్చి ఊకుంటుండెనా? సావనన్న సస్తుండె గని ఊకోడు."

తర్వాత నేనే, ఆ కేక పాటలోంచి తీసెయ్యనా అని అడిగాను. కేక సరిగ్గా ఆ ఖాళీలో పడిన సంగతీ చెప్పాను. ఆమెకేమీ వింతగా అనిపించలేదు.

"వంతు తప్పేటోడు కాదు. ఉండనీ. గని గది గా దినందని మాత్రం చెప్పకు."

ఇంటికొచ్చాక అదే చేశాను. పాట కింద ఇప్పుడు ఆ కేక పాతదని, గొంతు గంగారాందని రాసి ఉంటుంది. లైవ్ అన్న మాట తీసేశాం.

మంజీర దారి

హాల్లో విన్న మర్నాడే అమావాస్య, నేనూ ఉండిపోయాను. పొద్దున్నే బొమ్మ కట్టారు. మోదుగాకులు దారంతో కుట్టి, మనిషంత పొడుగు, తల దగ్గర కొబ్బరికాయ. మీద గంగారాం చొక్కా వేశారు. ఆకుల మీద చొక్కా గాలికి లేచి పడుతుంటే నేను చూడలేకపోయాను. పాడె మీద పెట్టి నలుగురు మోశారు. మొయ్యడానికి ఏముంది, ఆకులేగా. అయినా ఆ నలుగురూ బరువుగానే నడిచారు.

మా ఇళ్లలో ఆడవాళ్లు వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతారు. దింపుడు కళ్లం అనే మాట నేను పేపర్లో, ఓడిపోబోయే పార్టీల గురించి చదవడమే. ఇక్కడ ఆడవాళ్లు కూడా వెంట నడిచారు. సగం దారిలో, మంజీర కనపడేచోట, పాడె దింపారు. అదే దింపుడు కళ్లం. పోయిన మనిషిని చివరిసారి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఊపిరి మిగిలుంటే పలుకుతాడని. ఆకుల బొమ్మకీ ఆ మర్యాద తప్పించలేదు.

పోశెట్టి వంగి కొబ్బరికాయ పక్కన నోరు పెట్టి పిలిచాడు. "గంగారాం." జనం ఆగారు. "ఒరే గంగారాం." ఎవరిదో కాలికింద పుల్ల విరిగింది. మూడోసారికి దగ్గు తెర వచ్చి పేరు సగంలోనే ఆగిపోయింది. ఇంకెవరైనా పిలుస్తారేమోనని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు సాయవ్వ ముందుకొచ్చింది. బొమ్మ వైపు వంగలేదు. నది వైపు తిరిగి, నోటి పక్కన చెయ్యడ్డం పెట్టుకుని కేక వేసింది. "ఓ... హోయ్... నీళ్లూ..." ఇరవై ఏళ్లు విన్న కేక, ఒక్క జారుడు కూడా తప్పలేదు. సామ్యూల్ ఎడమచేతి చిటికెన వేలు దానంతటదే కదలడం చూశాను. అవతలి ఒడ్డున పొలాల్లో మనుషులు లేచి నిలబడ్డారు. ఇవతల మేమెవరం కదల్లేదు. నాకు పనిలో అలవాటై మనసులో లెక్క పెడుతున్నాను. నాలుగు దాటింది, పది దాటింది, ఇరవై దాకా వచ్చి లెక్క మానేశాను. ఆమె తల ఒక పక్కకి వంచి ఇంకా వింటూనే ఉంది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

కొంగుతో మొహం తుడుచుకుని పోశెట్టి వైపు తిరిగింది.

"పలకలేదు బావా. ఇగ లేపుండ్రి."